పక్కన కూర్చో, నోరు విప్పకు

అమ్మడూ,

నువ్వు పంపిన కాగితాలు తీరిగ్గా చదివాను. తెలుగువాళ్ళకి సులువుగా ఉండే ప్రోగ్రామింగ్ భాష ఒకటి తయారుచేస్తానని కూర్చున్నావు, మంచిదే. ఉద్యోగాలు వెతుక్కునే వేళ ఇదేం పిచ్చని బావ ఫోన్లో గొణుగుతున్నాడు. ఆయన సంగతి నాకొదిలేయ్. నా పేచీ వేరే. కాగితాల్లో సగానికి పైగా ఒకటే చర్చ: ఇఫ్‌కి ఏ మాట పెట్టాలి, వైల్‌కి ఏది పెట్టాలి, ఫంక్షన్‌ని ప్రమేయం అనాలా, పని అనాలా. నువ్వూ నీ స్నేహితులూ హాస్టల్ గదిలో కూర్చుని ఓట్లేసుకుని తేల్చినట్టున్నారు. ఆ భాషను రేపు వాడబోయే మనిషి ఒక్కరైనా ఆ గదిలో ఉన్నారా? అందరూ సీ, జావా నేర్చినవాళ్ళే. మీకు సులువనిపించిందంటే నేను నమ్ముతాను. కానీ అది మీ గురించిన సమాచారం, వాడబోయేవాళ్ళ గురించి కాదు.

మాటలు మార్చే ఈ కోరిక కొత్తదేం కాదులే. 1950ల్లోనే గ్రేస్ హాపర్ ఇంగ్లిష్ మాటలతో నడిచే కంపైలర్ చేసి, అదే ప్రోగ్రాం ఫ్రెంచిలోనూ జర్మన్‌లోనూ రాసినా నడుస్తుందని పైవాళ్ళకి చూపించబోయింది. అమెరికాలో తయారైన యంత్రానికి ఫ్రెంచి ఎలా అర్థమవుతుందని వాళ్ళు హడలిపోయారట. దానికి ఇంగ్లిష్ మాత్రం అర్థమవుతోందా ఏమిటి! ఆ కథ ఆవిడే 1978లో ఒక సభలో చెప్పింది. ఫ్రెంచివాళ్ళు ఆ ముచ్చట తామే తీర్చుకున్నారు. 1970ల మొదట్లో సుపెలెక్ అనే ఇంజనీరింగ్ విద్యాసంస్థలో ఎల్‌ఎస్‌ఈ అనే బోధన భాష చేసి, ఫ్రెంచి మాటలతోనే లిసేల్లో, అంటే అక్కడి ఉన్నత పాఠశాలల్లో, పిల్లలకి నేర్పారు. కొన్నేళ్ళు బాగానే నడిచింది. చవక కంప్యూటర్లతో పాటు బేసిక్ ఇళ్ళలోకి వచ్చేసరికి వెనకపడిపోయింది. సొంత భాష మాటలు ఉన్నంత మాత్రాన అది నిలబడలేదు.

నీకు ఇంతకంటే దగ్గరి కథ ఎళిల్. ముత్తయ్య అణ్ణామలై తమిళంలో చేసిన భాష. ఆయన దాని గురించి 2009లో రాసిన పరిశోధన పత్రం ఇప్పటికీ దొరుకుతుంది, ముందు అది చదువు. అందులో నాకు నచ్చింది తమిళ మాటలు కాదు, వాటిని ఉంచిన చోటు. షరతు ముందొస్తుంది, మన ‘అయితే’ లాంటి ‘ఆనాల్’ దాని తర్వాత వస్తుంది. అంటే తమిళ ఇంట్లో మాట్లాడుకునే వరసే. షరతు మొదలయ్యే చోట మాత్రం ఒక @ గుర్తు పెట్టాలి. నాకు కనిపించినంతలో అది మనిషి కోసం పెట్టింది కాదు, చదివే యంత్రానికి ఆనవాలుగా పెట్టింది. అలాంటి రాజీ నువ్వూ ఎక్కడో ఒకచోట పడతావు, తప్పదు. కానీ నువ్వు అసలు వరసే మార్చలేదే! ‘ఒకవేళ (నిల్వ < 10) అయితే’ అని రాశావు. మీ అమ్మ ‘పాలు పొంగితే స్టవ్ కట్టెయ్’ అంటుంది గానీ, ఒకవేళ అని మొదలుపెట్టి పాల దగ్గరికి రాదు కదా. ఇంగ్లిష్ వాక్యం అస్థిపంజరానికి తెలుగు చొక్కా తొడిగావు.

మనుషులు మామూలుగా ఎలా చెబుతారో చూసి భాష కట్టాలన్న ఆలోచనను కార్నెగీ మెలన్‌లో జాన్ పేన్, బ్రాడ్ మయర్స్ బృందం పట్టుకుంది. వాళ్ళ పత్రం 2001లో వచ్చింది. ప్రోగ్రామింగ్ వాసన తగలని ఐదో తరగతి పిల్లలకి ప్యాక్‌మ్యాన్ ఆట బొమ్మలు చూపించి, ఈ ఆట ఎలా నడవాలో మీ మాటల్లో రాయండన్నారు. పిల్లలు మొదటి గీత నుంచి చివరి గీత దాకా మెట్లు మెట్లుగా రాయలేదు. ‘దయ్యం తగిలితే ఇలా, చుక్కలన్నీ తినేస్తే అలా’ అని సంఘటనలుగా రాశారు. ఒక్కొక్క వస్తువునీ లెక్కపెట్టుకుంటూ లూపు తిప్పలేదు, అన్నిటినీ ఒక గుంపుగా చూసి ఒక్క మాటలో చెప్పారు. మన పాఠ్యపుస్తకాల్లో ప్రోగ్రాం అనగానే నేర్పే రెండు మూలసూత్రాలూ ఆ పిల్లల బుర్రల్లో లేవన్నమాట.

వాళ్ళు పట్టుకున్న ఇంకో చిక్కు ‘అండ్’. మనిషి అండ్‌కీ యంత్రం అండ్‌కీ పొత్తు కుదరదు. ఇక్కడి, పుదుచ్చేరి ఉదాహరణే చెబుతాను. మా వీధిలో చీటీలు నడిపే ఒకావిడ ఉంది. ‘ముదలియార్‌పేటలోనూ ఉప్పళంలోనూ ఉన్న ఖాతాలు చూపించు’ అని ఆవిడ అడిగిందనుకో, ఏ గుమాస్తా అయినా రెండు చోట్లవీ కలిపి తీస్తాడు. నీ భాషలో ఆ ‘లోనూ లోనూ’ని అండ్‌గా తర్జుమా చేస్తే వచ్చే జాబితా ఖాళీ. ఒకే ఇల్లు రెండు పేటల్లో ఉండదు కదా! ఆవిడకి తప్పేమిటో తెలియదు. ఎర్రరు కూడా రాదు. తన ఖాతాలన్నీ ఎగిరిపోయాయనుకుంటుంది. ఇలాంటి చోట నీ భాష నోరు మూసుకుని సున్నా చూపించకూడదు, ‘రెండు చోట్లా ఉన్న ఖాతా ఒక్కటీ లేదు, రెండిట్లో ఏదో ఒకచోట ఉన్నవి కావాలా’ అని అడగాలి.

ఇప్పుడు నిన్ను కాస్త ఇబ్బంది పెట్టే సంగతి. మా పేటలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లిష్ చదువుకున్నారు. తెలుగు గడగడా మాట్లాడతారు, ఒక్క అక్షరం చదవలేరు. నువ్వు యానాంలో తెలుగు బడిలో చదువుకుని వచ్చావు కాబట్టి ఇది నీకు తట్టదు. నీ కీవర్డ్‌లన్నీ తెలుగు లిపిలో ఉంటే ఆ పిల్లలకి నీ భాష జావా కంటే కష్టం. అందుకని మాటల జాబితాను భాష గుండెలో పాతిపెట్టకు. వేరే ఫైలులో పెట్టు. అదే ప్రోగ్రాంను ఒకరు తెలుగు లిపిలో చూస్తే, ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగులో చూడాలి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు జీవితమంతా కంప్యూటర్‌కి మాట వినడం నేర్పే పని పట్టుకోవడానికి ఒక కారణం ఇదే: చదువురాని మనిషికి కూడా నోరుంది. 1980ల మొదట్లో పారిస్‌లో పెట్టిన ప్రపంచ కంప్యూటర్ కేంద్రానికి ఆయన ప్రధాన శాస్త్రవేత్తగా పనిచేశారు. లోగో భాష తయారుచేసినవాళ్ళలో ఒకరైన సీమోర్ పేపర్ట్ కూడా అక్కడ ఉన్నాడు. సెనెగల్ రాజధాని డకార్‌లో పిల్లలకి లోగో నేర్పే పనిని ఆ కేంద్రమే ఎత్తుకుంది. 1984లో ఫ్రెంచి ప్రభుత్వం రాజ్ రెడ్డి గారికి లెజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. పుదుచ్చేరిలో ఫ్రెంచి బిరుదుల గురించి గొప్పలు చెప్పుకునే పెద్దమనుషుల్లో ఒక్కరి నోటా నేను ఈ పేరు వినలేదు.

సరే, తెలుగు లిపిలోనే రాస్తామన్నవాళ్ళ కష్టం చూద్దాం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎప్పుడైనా వేలి కింద పెట్టి చూశావా? సెమికోలన్ ఉండే చోట ‘చ’ ఉంటుంది. కోలన్ చోట ‘ఛ’, డబుల్ కొటేషన్ చోట ‘ఠ’, చదరపు బ్రాకెట్ చోట ‘డ’, మీసాల బ్రాకెట్ల చోట ‘ఢ’, ‘ఞ’. అంటే నువ్వు ప్రేమగా పెట్టుకున్న ప్రతి విరామచిహ్నం కోసం కుర్రాడు కీబోర్డు ఇంగ్లిష్‌కి మార్చి, మళ్ళీ తెలుగుకి రావాలి. ఒక లైనులో నాలుగైదు సార్లు. మాటలు తెలుగులో పెట్టి గుర్తులు సీ భాషవి ఉంచేస్తే మునుపటికంటే కష్టం పెంచినట్టే. గుర్తులు తగ్గించు. ఏది లేకపోయినా అర్థం చెడదో అది తీసెయ్. తెలుగు అంకెలు కూడా పెట్టానన్నావు, అది వద్దు. రేషన్ కార్డు మీద లేనివి, బస్సు మీద లేనివి, పిల్లలు గుర్తుపట్టనివి ఎవరికోసం? అభిమానం వేరు, వాడకం వేరు.

పేర్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ‘గో’ భాషలో వేరియబుల్‌కి ‘ధర’ అని పేరు పెడితే ఒప్పుకుంటుంది. ‘కూలి’ అని పెడితే ఒప్పుకోదు! ఎందుకో తెలుసా? ఆ భాష పేర్లలో అక్షరాలూ అంకెలే ఉండాలంది. యూనికోడ్ లెక్కలో ధ, ర అక్షరాలు. దీర్ఘం, గుడి లాంటి గుణింతపు గుర్తులు అక్షరాలు కావు, అక్షరానికి అతుక్కునే గుర్తులు. గుణింతం లేకుండా తెలుగు ఎంతసేపు రాయగలవు? పైగా బయటి ప్యాకేజీలకు కనిపించాల్సిన పేరు పెద్ద అక్షరంతో మొదలవ్వాలట. మనకి పెద్దా చిన్నా అక్షరాలే లేవాయె. దాన్ని తయారుచేసినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, నాగరి లాంటి లిపులు బయటే ఉండిపోతున్నాయని వాళ్ళే రాసుకున్నారు. నియమం రాసేటప్పుడు ఆ లిపిలో రాసే మనిషి పక్కన లేకపోతే ఇలాగే ఉంటుంది.

పైథాన్ కొంత నయం. 2008లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి ‘కూలి’ని ఒప్పుకుంటోంది. కానీ మా పేట పేరు పెట్టి చూడు. ముదలియార్‌పేట అని రాసేటప్పుడు ‘ర్’కీ ‘పే’కీ మధ్య, పొల్లు పొల్లుగా నిలబడేందుకు, కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఉంటుంది. అది లేకపోతే ‘ర్పే’ అని ఒత్తు పడిపోతుంది. పైథాన్ ఆ కనిపించని గుర్తును పేరులో చెల్లదంటుంది. జావాస్క్రిప్ట్ చెల్లుతుందంటుంది. కుర్రాడికి తెరమీద కనిపించేది మాత్రం ఏ దోషమూ లేని ఊరిపేరు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు గుణింతాక్షరం తెరమీద పడగానే ఐఫోన్‌లలో యాప్‌లు కుప్పకూలిన గొడవ గుర్తుందా? అందులోనూ ఇదే కనిపించని గుర్తు దూరి ఉంది. నీ భాషలో దాన్ని రాయనివ్వు. రెండు పేర్లు ఒకటేనా కాదా అని పోల్చేటప్పుడు మాత్రం లెక్కలోకి తీసుకోకు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు వేరువేరు అయితే ఆ తప్పు ఎవరూ పట్టుకోలేరు.

ఎర్రరు మెసేజీల గురించి నీ కాగితాల్లో ఒక్క పేరా లేదు. ‘తర్వాత’ అని రాసి వదిలేశావు. నాకు ఒళ్ళు మండింది. నా మాట వింటే నువ్వు మొదట రాయాల్సింది అవే. 1990ల్లో కడలూరు రోడ్డు మీద ఒక ఆఫీసులో జీతాల లెక్కల ప్రోగ్రాం పెట్టాం. ఎక్కడైనా తేడా వస్తే తెరమీద ఒక పెట్టె లేచేది: కాన్సిల్, సస్పెండ్, ఇగ్నోర్. సర్వీసులో ఒక్క రిమార్కు లేని ముసలి గుమాస్తా ఒకాయన ఆ పెట్టె చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సస్పెండ్ తననే అనుకున్నాడు. అప్పటినుంచి పెట్టె వచ్చినప్పుడల్లా మెషీన్ కట్టేసి మనిషిని పంపేవాడు. చదువుకున్న పిల్లల సంగతీ అంతే. మార్సో, ఫిస్లర్, శ్రీరామ్ కృష్ణమూర్తి 2011లో రాసిన పత్రం ఒకటుంది. ప్రోగ్రామింగ్ క్లాసులో చేరిన విద్యార్థులకి ఎర్రరు మెసేజీల్లోని పదాలే సరిగా తెలియవని వాళ్ళు చూపించారు. మెసేజీ రాసినవాడు తన పరిభాషలో తనతో తాను మాట్లాడుకుంటున్నాడన్నమాట. ఎల్మ్ భాష చేసిన ఎవాన్ చాప్లికీ 2015లో మెసేజీలన్నీ మళ్ళీ రాశాడు. ఎక్కడ ఆగిందో, ఏం దొరికిందో, ఏం ఉంటుందనుకుందో, బహుశా నువ్వేం రాయాలనుకున్నావో చెబుతాయి. రస్ట్ భాషవాళ్ళు కూడా దాన్ని చూసి నేర్చుకున్నారు. నీ భాష ‘నిల్వ అనే పేరు నాకు కనబడలేదు, ఏడో లైనులో నిలవ అని ఉంది, అదేనా?’ అని అడిగితే చాలు, ఆ గుమాస్తాలాంటివాళ్ళు కుర్చీలోనే కూర్చుంటారు.

పక్కన కూర్చుని చూడమని నేను అంటుంటే నీకు ముసలి చాదస్తంలా ఉండొచ్చు. పైథాన్‌లో ఇఫ్ లైను చివర ఆ కోలన్ ఎక్కడిదనుకున్నావు? ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థలో లాంబెర్ట్ మీర్టెన్స్, లియో గ్యూర్ట్స్, స్టీవెన్ పెంబర్టన్ కలిసి ఏబీసీ అనే భాష చేశారు. కంప్యూటర్ నిపుణులు కానివాళ్ళ కోసం. చేస్తూ చేస్తూ జనాన్ని కూర్చోబెట్టి చూశారు. లోపలికి జరిపి రాసిన లైన్లు పై లైనుకి చెందుతాయని పోల్చుకోవడానికి కోలన్ ఉంటే చదవడం తేలికవుతోందని ఆ ప్రయోగాల్లోనే తేలింది. యంత్రానికి ఆ కోలన్‌తో పెద్ద పనిలేదు. ఆ జట్టులో పనిచేసిన గీడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో పైథాన్ మొదలుపెట్టి, 1991లో బయటపెట్టినప్పుడు దాన్ని వెంట తెచ్చుకున్నాడు.

మరి ఏబీసీ ఏమైంది? అదే నేను నీకు గట్టిగా చెప్పాలనుకున్నది. జనాన్ని అంత శ్రద్ధగా చూసినవాళ్ళు తలుపులు వేసుకుని కూర్చున్నారు. మామూలు ఫైళ్ళతో, బయటి ప్రోగ్రాములతో మాట్లాడటం ఏబీసీకి చాలా కష్టం. ప్రోగ్రామర్లకి అలవాటైన మాటలు తీసేసి కొత్తవి పెట్టారు, దాంతో ముందే వచ్చినవాళ్ళకీ అది పరాయిదైంది. నేర్చుకునేవాడు ఎప్పటికీ నేర్చుకుంటూనే ఉండడమ్మా. మూడో నెలలో దుకాణం జాబితాను ఎక్సెల్ నుంచి తెచ్చుకుంటానంటాడు. అప్పుడు ‘నీ వల్ల కాదు’ అంటే ఆ భాషను ఆ రోజే వదిలేస్తాడు. నీ ప్రోగ్రాం పైథాన్‌గా మారి నడిచేలా చెయ్యి, దారి తెరిచి ఉంటుంది. నెదర్లాండ్స్‌లో ఫెలీన్ హెర్మన్స్ 2020లో తెచ్చిన హెడీ అలాగే చేస్తుంది. మొదటి మెట్టులో కొటేషన్లూ బ్రాకెట్లూ ఏమీ ఉండవు. పలక మీద అక్షరాలు దిద్దే పిల్లకి కామా, ఫుల్‌స్టాప్ అప్పుడే నేర్పం కదా, అదే పద్ధతి. మెట్టు మెట్టుకీ ఒక్కో గుర్తు చేర్చుకుంటూ చివరికి పైథాన్ దగ్గరకి తీసుకెళ్తుంది.

ఇక నీ కీవర్డ్‌ల ఓటింగుకి మందు చెబుతాను. ఆండ్రియాస్ స్టెఫిక్ అనే ఆయన చూపులేని పిల్లల కోసం క్వోరమ్ అనే భాష చేసి, దాన్ని పరీక్షించడానికి ఒక కొంటె పని చేశాడు. కీబోర్డు మీది గుర్తులను ఎటుపడితే అటు ఏరి, వాటినే కీవర్డ్‌లుగా పెట్టి రాండోమో అనే దొంగభాష ఒకటి తయారుచేశాడు. కొత్తవాళ్ళకి కొందరికి క్వోరమ్, కొందరికి పెర్ల్, కొందరికి రాండోమో ఇచ్చాడు. క్వోరమ్‌వాళ్ళు బాగా రాశారు. పెర్ల్‌వాళ్ళకీ రాండోమోవాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు! 2011 నాటి ఆ ప్రయోగం చిన్నది, దాన్ని చూపించి పెర్ల్ రాసేవాళ్ళతో తగువు పెట్టుకోకు. 2013లో సూసన్నా సీబర్ట్‌తో కలిసి పెద్దగా చేసినప్పుడు కూడా భాష రూపాన్ని బట్టి కొత్తవాళ్ళ తప్పులు మారుతున్నాయని తేలింది. లూపు కోసం మనం తరతరాలుగా వాడుతున్న ఫర్, వైల్ కంటే రిపీట్ అన్నదే వాళ్ళకి సహజంగా తోచిందట. మందుబిళ్ళకి పిండిబిళ్ళ పోటీ పెట్టినట్టు, నీ మాటలకి అర్థంలేని మాటలు పోటీ పెట్టి చూడు. నీవి గెలవకపోతే ఆ ఓటింగంతా వృథా.

ఏఐకి తెలుగులో చెబితే అదే కోడ్ రాసిపెడుతుంటే ఇంక కొత్త భాష దేనికని నీ స్నేహితుడు అన్నాడని రాశావు. మంచి ప్రశ్నే. అది రాసిచ్చిన దాంట్లో ఉప్పళం ఖాతాలు పోయాయో లేదో చీటీల ఆవిడ ఎలా చూసుకుంటుంది? రాయడం దానికి వదిలినా చదివి సరిచూసుకోవడం మనకి తప్పదు. కాబట్టి రాయడానికి సులువుగా ఉందా అన్నది తర్వాత, చదివితే బోధపడుతోందా అన్నది ముందు చూడు.

వచ్చే ఆదివారం ముదలియార్‌పేట వచ్చెయ్. 1898 నాటి ఏఎఫ్‌టీ మిల్లు 2020లో మూతపడ్డాక ఇక్కడ ఎంతోమంది చిన్న చిన్న వ్యాపారాల్లో దిగారు. లెక్కలన్నీ ఫోన్లోనూ నోటుబుక్కులోనూ ఉంటాయి. నీకు కావలసింది వాళ్ళే. చీటీల ఆవిడతో మాట్లాడాను, వస్తానంది. జాకెట్లు కుట్టే ఇంకో ఆవిడ ఉంది, ఇంట్లో తెలుగు, చదువు తమిళంలో. పెరుమాళ్ కోయిల్ దగ్గరి మెడికల్ షాపు కుర్రాడు కూడా వస్తాడు, వాడికి లిపి వచ్చు. లాప్‌టాప్ బయటికి తియ్యకు. ఒకే చిన్న ప్రోగ్రాం మూడు రకాలుగా ప్రింటు తీసి తీసుకురా: నీ మాటలతో ఒకటి, షరతు ముందొచ్చే వరసలో ఒకటి, కీవర్డ్‌ల చోట అర్థంలేని మాటలు పెట్టి ఒకటి. చీటీల ఆవిడకీ కుర్రాడికీ తెలుగు లిపిలో, జాకెట్ల ఆవిడకి ఇంగ్లిష్ అక్షరాల్లో. ముందుగా ఏ ప్రోగ్రామూ చూపించకుండా, ‘సరుకు పదికి తగ్గితే ఏం చెయ్యాలి’ లాంటివి వాళ్ళ మాటల్లోనే చెప్పించుకుని, ఉన్నదున్నట్టు రాసుకో. సరిదిద్దకు. తర్వాత కాగితం ఇచ్చి, ఇది ఏం చేస్తుందో చెప్పమను. అర్థంకాక నీ మొహం వైపు చూస్తారు, చెప్పెయ్యాలని నీకు నాలుక దురదపెడుతుంది. చెప్పావో, ఆ మనిషి ఇంక పరీక్షకి పనికిరాదు. వేలు ఏ మాట దగ్గర ఆగింది, ఏ గుర్తును దాటేసి చదివారు, ఎక్కడ నవ్వారు, అన్నీ రాసుకో. పొద్దున్నే వస్తే ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టొచ్చు; అందరికీ మధ్యాహ్నం భోజనం మనింట్లోనేనని అత్తయ్యకి చెప్పాను.

మీ మావయ్య